ఎవరూ లేనివాడి వకీలు

కె.జి. కన్నబిరాన్ స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం

హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, 1949లో, తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ ప్రాంతంలో పట్టుబడిన రైతులనూ కార్యకర్తలనూ ప్రత్యేక ట్రిబ్యునళ్ల ముందు నిలబెట్టారు. పాలన అప్పటికి మిలిటరీ గవర్నరుది. హత్యానేరాల కింద పన్నెండు మందికి ఉరిశిక్ష పడింది. ఆ కేసులు ఢిల్లీ దాకా వెళ్లాయి. డి.ఎన్. ప్రిట్ అనే పేరుమోసిన బ్రిటిష్ న్యాయవాది వచ్చి వాళ్ల పక్షాన సుప్రీంకోర్టులో వాదించారు. ఆయన లేవనెత్తిన అంశాల్లో ఒకటి పల్లెటూరి మనిషికి కూడా ఇట్టే అర్థమయ్యేది. ప్రాణం పోయే కేసులో ఈ మనుషుల పక్కన వకీలు లేడు, పెట్టుకునే వీలు ఎవరూ కల్పించలేదు.

1951 మార్చిలో తీర్పు వచ్చింది. న్యాయశాస్త్ర పుస్తకాల్లో అది 'జనార్దన్ రెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్'. మరణశిక్ష పడగల కేసులో నిందితుడికి వకీలు లేనంత మాత్రాన ఆ విచారణ చెల్లదని నియమంగా చెప్పలేమని కోర్టు తేల్చింది. ఆ తర్వాత ఉరిశిక్షలు యావజ్జీవాలుగా మారాయి. ఆ మార్పు వెనక ఉన్నది న్యాయస్థానం కన్నా బయట నడిచిన ఉద్యమమే.

కోర్టుల్లో వృత్తి చేపట్టాలనుకునే పిల్లలు పెద్దల దగ్గరికొచ్చి 'ప్లీడరు కావాలంటే ఏం చెయ్యాలి' అని అడుగుతారు. ఏ ఎంట్రన్సు రాయాలో, ఏ కాలేజీ మంచిదో, ఏ సీనియరు దగ్గర చేరితే నాలుగు రోజుల్లో పేరొస్తుందో పెద్దలు చెబుతారు. అవన్నీ అవసరమే. అయితే వాటన్నిటికంటే ముందు ఆ పిల్లల చేత చదివించాల్సింది ఈ నల్లగొండ గడ్డ మీది కేసును. వకీలు లేకుండా బోనులో నిలబడ్డ మనిషి ఎలా ఉంటాడో తెలియకుండా వకీలు ఎందుకుండాలో తెలియదు.

కన్నబిరాన్‌కు ఆ సంగతి తెలుసు. 1929 నవంబరు 9న మదురైలో పుట్టిన ఈ తమిళుడు మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1960ల మొదట్లో హైదరాబాదు చేరి, తెలుగువాళ్ల వకీలయ్యారు. నక్సలైట్ల మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు, సికింద్రాబాదు కుట్ర కేసు లాంటి వాటిలో, పక్కన నిలబడితే తమకూ మచ్చ అంటుతుందని జనం జంకే ముద్దాయిల తరఫున ఆయన నిలబడ్డారు. ఎన్‌కౌంటర్ల మీద 1977లో ఏర్పాటైన భార్గవ కమిషన్ ముందు పోలీసు సాక్షులను ఆయన క్రాస్ చేశారు. 1978 నుంచి పదిహేనేళ్లు ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి అధ్యక్షుడు. చివరికి తన జీవితం గురించి తెలుగులో చెప్పుకున్నప్పుడు ఆ పుస్తకానికి '24 గంటలు' అని పేరు పెట్టారు. అరెస్టయిన మనిషిని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి రాజ్యాంగం ఇచ్చిన గడువు అది. ఆ గడువు లోపల మనిషికి ఏం జరుగుతుందన్నదే ఆయన జీవితమంతా వెంటాడిన ప్రశ్న.

ఇంకో సంగతి యాదృచ్ఛికమే అయినా గుర్తుపెట్టుకోదగ్గది. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం పార్లమెంటులో 1987లోనే నెగ్గినా అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. అందుకే ఏటా ఆ తేదీన దేశమంతా న్యాయసేవల దినం జరుపుతారు. కన్నబిరాన్ పుట్టినరోజూ అదే.

వకీలు వృత్తికి ఒకప్పుడు మెట్లుండేవి. బ్రిటిష్ కాలంలో హైకోర్టులో నిలబడేవాళ్లు వేరు, జిల్లా కోర్టుల వాళ్లు వేరు, మున్సిఫ్ కోర్టు దాటకూడని సెకండ్ గ్రేడ్ ప్లీడర్లు వేరు. టంగుటూరి ప్రకాశం ఆ కింది మెట్టు మీదే మొదలుపెట్టారు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. ప్రకాశం రాజమండ్రిలో ప్లీడరుగా బాగా గడించి, పురపాలక సంఘం చైర్మనై కూడా, హైకోర్టు గడప తొక్కే అర్హత తన పట్టాకు లేదన్న బాధతో 1904లో ఇంగ్లాండు వెళ్లారు. 1907లో బారిస్టరై తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. 1921లో సహాయ నిరాకరణ పిలుపుకు ఆ ప్రాక్టీసు మొత్తం వదిలేసి 'స్వరాజ్య' పత్రిక స్థాపించారు. పూటకూళ్ల ఇంటి నుంచి హైకోర్టు దాకా రావడానికి సముద్రం దాటాల్సి వచ్చింది. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ఆ మెట్లన్నీ కూల్చింది. ఇవాళ పత్తికొండ కోర్టులో నల్లకోటు వేసుకున్న అమ్మాయికీ సుప్రీంకోర్టులో నిలబడే హక్కుంది.

అమ్మాయిల మాట వచ్చింది గనుక దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను తలచుకోవాలి. స్త్రీ అయినందుకు వకీలు కాకూడదన్న అడ్డు తొలగడానికే 1923లో ప్రత్యేకంగా ఒక చట్టం రావాల్సి వచ్చింది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహం కాలంలో జైలుకెళ్లారు. మదురై జైల్లో హత్యా నేరాలకు శిక్షపడిన ఆడవాళ్లను చూశారు. చట్టం తెలియక, తమ తరఫున మాట్లాడేవాళ్లు లేక వాళ్లు పడిన అవస్థ ఆమె మనసులో నాటుకుపోయింది. బయటికొచ్చి చదువు మళ్లీ మొదలుపెట్టి, 1942లో న్యాయశాస్త్రం పూర్తిచేసి మద్రాసులో ప్రాక్టీసు చేశారు. ప్రకాశాన్ని వృత్తిలో పైకి నడిపింది ఎదగాలన్న పట్టుదల. దుర్గాబాయిని అసలు ఈ వృత్తిలోకే తీసుకొచ్చింది జైలు. రెండు దారులూ గౌరవమైనవే. రెండో దారి గురించి లా కాలేజీల్లో చాలా తక్కువగా మాట్లాడుతున్నారు.

ఇప్పుడు దారి ఎలా ఉందో చూద్దాం. ఇంటర్ తర్వాత ఐదేళ్లు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్లు న్యాయశాస్త్రం. రెండు రాష్ట్రాల్లోనూ లాసెట్ ఉంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్. హైదరాబాదులో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య పేరిట ఉన్నదీ ఆ కోవలోవే. చదువయ్యాక రాష్ట్ర బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్‌మెంటు, ఆపైన ఆలిండియా బార్ పరీక్ష. ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉందా లేదా అన్న వివాదం రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. 2023 ఫిబ్రవరిలో ఉందని తేలింది.

ఎన్‌రోల్‌మెంటు ఫీజు సంగతి అంతకంటే ముఖ్యం. చట్టంలో ఉన్నది జనరల్ అభ్యర్థికి 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. రాష్ట్ర బార్ కౌన్సిళ్లు మాత్రం రకరకాల పేర్లతో వేలకు వేలు వసూలు చేస్తూ వచ్చాయి. ఒడిశాలో అది 42,100 రూపాయల దాకా పోయింది. 2024 జులైలో గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చట్టం చెప్పిన దానికి మించి ఒక్క రూపాయి తీసుకోకూడదంది. కూలి చేసుకునే ఇంట్లోంచి మొదటిసారి లా చదివి వచ్చిన కుర్రాడికి ఈ తీర్పు విలువ ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పట్టా చేతికొచ్చాక కూడా అప్పు పుట్టక ఎన్‌రోల్‌మెంటు వాయిదా వేసుకున్నవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు.

గడప దాటడం ఒకెత్తు, లోపల నిలబడడం ఇంకొకెత్తు. జూనియరుగా చేరినవాడు పొద్దున్నే కేసు కట్టలు మోసుకుని కోర్టుకెళ్లి, కాల్ వర్క్ అయ్యేదాకా నిలబడి, సీనియరు వేరే హాల్లో ఉంటే లేచి వాయిదా అడిగి, నకళ్లకు దరఖాస్తు పెట్టి, సాయంత్రం ఆఫీసులో డ్రాఫ్టులు రాస్తాడు. ఈ పనిలో సగం నేర్పేది సీనియరు గారి గుమాస్తా. ఏ దరఖాస్తుకు ఎంత స్టాంపు, ఫైలింగు సెక్షన్లో ఏ అభ్యంతరంతో కాగితం వెనక్కొస్తుందో, వకాలత్నామా మీద ఎవరి సంతకం మిగిలిపోయిందో ఆయనకు కంఠోపాఠం. తెలుగు పట్టణాల్లో ఎందరో పేరున్న ప్లీడర్లకు తొలి గురువులు ఈ గుమాస్తాలే.

ఇన్ని చేసినా నెల తిరిగేసరికి జూనియరు చేతికి వచ్చేది చాలాచోట్ల బస్సు చార్జీలకు సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో 'లా నేస్తం' పేరిట కొత్త న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయల సాయం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు పట్టణాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 స్టైపెండు ఇవ్వాలని సీనియర్లకు సూచించింది. అది సూచన మాత్రమే. ఇంటి దగ్గర ఆస్తి లేని పిల్లలు మూడో ఏటికల్లా కోటు మడిచి పెట్టెలో పెట్టి ఇంకో ఉద్యోగం వెతుక్కుంటున్నారు. ఆస్తిపరుల పిల్లలే మిగిలితే బీదవాడి కేసు బీదరికం తెలియనివాడి చేతికే వెళుతుంది. ఇది వృత్తికి పట్టిన జబ్బు. దీన్ని జూనియర్ల కష్టాలు అనే చిన్న పేరుతో పిలవడం అన్యాయం.

2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ మూడేళ్లకు కొత్త బరువు తెచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న పాత నియమం తిరిగి వచ్చింది. పుస్తకం మూసి నేరుగా బెంచి ఎక్కే దారి మూసుకుంది. ఇది మంచి నిర్ణయమే. బోనులో సాక్షి తడబడడం కింద నిలబడి చూసినవాడికీ, పై నుంచి మాత్రమే చూసినవాడికీ తేడా ఉంటుంది. ఆ మూడేళ్లూ ఆకలితో గడపమనడం మాత్రం మంచిది కాదు.

ట్రయల్ కోర్టులో నేర్చుకునే విద్యల్లోకెల్లా కష్టమైంది భాష. ఇది బయటివాళ్లకు తెలియదు. సాక్షి తెలుగులో చెబుతాడు. చాలా కోర్టుల్లో జడ్జి దాన్ని ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, స్టెనో టైపు చేస్తారు. పదేళ్ల తర్వాత హైకోర్టు చదివేది ఆ ఇంగ్లీషునే. సాక్షి 'తోసిండు' అంటే రికార్డులో 'పుష్డ్' అని పడుతుందా, 'అసాల్టెడ్' అని పడుతుందా అన్న దాని మీద సెక్షనే మారిపోవచ్చు. 'కర్ర పట్టుకున్నాడు' అన్నది 'ఆయుధం ధరించి' అయిపోవచ్చు. పశువులు తోలే కర్ర రైతు చేతిలో రోజూ ఉండేదేనని ఆ కాగితం చదివే జడ్జికి ఎవరు చెబుతారు?

దూరమూ కాలమూ ఇంకా చిక్కు. 'కూతవేటు దూరంలో చూశాను' అంటాడు సాక్షి. కూతవేటు అంటే పిలిస్తే పలికేంత. అంత దూరం నుంచి గొంతు గుర్తుపట్టొచ్చు, ముఖం గుర్తుపట్టగలమా? 'దీపాలు పెట్టే వేళ' అంటాడు ఇంకొకడు. అది శ్రావణంలో ఒక గంట, మార్గశిరంలో ఒక గంట. రికార్డులో 'సమీపం నుంచి', 'సాయంత్రం' అని పడిపోతే ఒక మనిషి జీవితం ఆ రెండు మాటల కింద నలిగిపోతుంది. లేచి నిలబడి 'యువర్ ఆనర్, సాక్షి కూతవేటు అన్నాడు, ఆ మాట ఆ మాటగానే రికార్డు చెయ్యండి' అని అడగగలిగినవాడే ముద్దాయి వకీలు. ఆ ఒక్క అభ్యర్థన కోసం పల్లె భాష తెలిసి ఉండాలి, ఇంగ్లీషు తెలిసి ఉండాలి, జడ్జి చిరాకు పడినా తొణక్కుండా ఉండాలి. 2023 జూన్ ఆఖరులో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు వెలువరించినప్పుడు చాలామంది సంతోషించారు. సంతోషించాల్సిందే. తీర్పుకంటే ముందు సాక్ష్యం తెలుగులో నిలవడం ఇంకా ముఖ్యం.

1951 తీర్పు దగ్గర ఆగిపోయిన కథ తర్వాత ముందుకు నడిచింది. ఆ నడకకు చాలా ఏళ్లు పట్టింది. 1976లో రాజ్యాంగ సవరణ ద్వారా 39ఎ అధికరణం వచ్చి, ఉచిత న్యాయ సహాయం రాజ్యం బాధ్యత అంది. 1978లో హోస్కోట్ కేసులో సుప్రీంకోర్టూ ఆ బాటే పట్టింది. 1979లో బీహారు జైళ్ల మీద వచ్చిన పత్రికా వ్యాసాలు చదివి పుష్పా కపిలా హింగోరాణీ అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళితే, పడగల శిక్షకంటే ఎక్కువ కాలం విచారణ లేకుండానే లోపల మగ్గుతున్న మనుషులున్నారని దేశానికి తెలిసింది. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. 1986లో సుక్ దాస్ కేసులో, ముద్దాయికి ఉచితంగా వకీలు దొరుకుతాడని మేజిస్ట్రేటు చెప్పకపోతే అడగలేదన్న కారణంతో ఆ హక్కు పోదని చెప్పి శిక్షనే కొట్టేశారు. నల్లగొండ మనుషులు 1951లో అడిగిన దానికి ముప్పై అయిదేళ్ల తర్వాత సూటి జవాబు వచ్చిందన్నమాట.

బెయిలు సంగతిలో మోతీరామ్ కేసును ప్రతి జూనియరూ ఒకసారి చదవాలి. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీ. సుప్రీంకోర్టు బెయిలు ఇవ్వమంది. కింది మేజిస్ట్రేటు పదివేల రూపాయల ష్యూరిటీ అడిగారు. తోడబుట్టినవాడు హామీ ఉంటానంటే ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును మందలిస్తూ, దక్షిణాది మనిషి, తెలుగువాడితో సహా, ఎక్కడో దూరప్రాంతంలో చిన్న నేరారోపణలో పట్టుబడితే ఆ జిల్లా ఆస్తిపరుణ్ని ఎక్కణ్నుంచి తెస్తాడని నిలదీశారు. పాలమూరు నుంచీ శ్రీకాకుళం నుంచీ వలసపోయే కూలీలున్న నేలకు ఆ ప్రశ్న పాతబడదు. ముంబైలోనో చెన్నైలోనో ఒక తెలుగు కూలీ దొంగతనం కేసులో లోపలికి వెళితే అతనికి ఆ ఊళ్లో ఎవరున్నారు? 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. శిక్షపడి ఉన్నవాళ్లు కాదు, శిక్ష పడాలో వద్దో ఇంకా తేలనివాళ్లు.

పేరుకు వకీలుంటే చాలదని నేర్పింది అనోఖీలాల్ కేసు. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో 2013 ఫిబ్రవరిలో అతనికి లీగల్ ఎయిడ్ నుంచి వకీలును ఇచ్చిన రోజే అభియోగాలు మోపారు. రెండు వారాలు తిరగకముందే ఉరిశిక్ష వేశారు. కేసు కట్ట విప్పి చదివే వ్యవధి కూడా ఆ వకీలుకు దొరికి ఉండదు. నేరం ఘోరమైంది, ఊరు ఆగ్రహంతో ఉంది, వేగం న్యాయంగా కనబడింది. 2019లో సుప్రీంకోర్టు ఆ విచారణను రద్దు చేసి మళ్లీ మొదటి నుంచి చెయ్యమంది. ఉరి, యావజ్జీవం పడగల కేసుల్లో కోర్టు నియమించే వకీలుకు కనీసం పదేళ్ల అనుభవం ఉండాలని, సిద్ధమవడానికి తగిన సమయం ఇవ్వాలని, మామూలుగా ఏడు రోజులకు తగ్గకూడదని, ముద్దాయిని కలిసి మాట్లాడనివ్వాలని చెప్పింది. పదకొండేళ్లు జైల్లో గడిచాక 2024లో అనోఖీలాల్ నిర్దోషిగా బయటపడ్డాడు.

ఈ పరిస్థితిని మార్చడానికి వచ్చిన కొత్త ఏర్పాటు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ. జాతీయ న్యాయసేవల సంస్థ 2022లో దీన్ని జిల్లాలకు విస్తరించింది. పూర్వం ప్యానెల్లో ఉన్న వకీళ్లు తమ సొంత కేసుల మధ్య ఒకటీ అరా ఉచిత కేసు చూసేవాళ్లు. ఇప్పుడు పూర్తికాలం, క్రిమినల్ ఉచిత సహాయ కేసులు మాత్రమే చూసే బృందం ఉంటుంది. పైన చీఫ్. పదేళ్ల ప్రాక్టీసు, సెషన్స్ కోర్టుల్లో ముప్పై విచారణలు నడిపిన అనుభవం ఉండాలి. ఆ కింద డిప్యూటీ. వాళ్ల కింద అసిస్టెంట్లు. వీళ్లకు మూడేళ్లలోపు ప్రాక్టీసు చాలు, అంటే నిన్న ఎన్‌రోల్ అయిన పిల్లలకూ చోటుంది. సొంత ప్రాక్టీసు చెయ్యకూడదు, నెలనెలా గౌరవ వేతనం వస్తుంది.

న్యాయవాద వృత్తిలోకి రాబోయే పిల్లలకు ఇవాళ చూపించాల్సిన అతి మంచి దారి ఇదే. సీనియరు కోసం వాయిదాలు అడుగుతూ మూడేళ్లు పోగొట్టుకోకుండా, మొదటి నెల నుంచే రిమాండు, బెయిలు, చార్జిషీటు, సాక్షి విచారణ, ముద్దాయి వాంగ్మూలం, వాదన, తీర్పు అన్నీ కళ్లెదుట నడుస్తాయి. పెద్ద ఆఫీసుల్లో పదేళ్లకు కూడా దొరకని క్రాస్ ఎగ్జామినేషన్ ఇక్కడ ఏడాదిలో చేతికొస్తుంది.

అయినా దీన్ని మిగిలిపోయినవాళ్ల పనిగా చూసే అలవాటు బార్ రూముల్లో ఉంది. ఆ చూపుకు ప్రభుత్వమూ ఊతమిస్తోంది. ఎదురుగా నిలబడే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరును రెండు రాష్ట్రాల్లోనూ పోలీసు నియామక బోర్డు పరీక్ష పెట్టి ఎంపిక చేస్తుంది. అది జీతం స్కేలు, ప్రమోషన్లు ఉన్న పక్కా ప్రభుత్వ ఉద్యోగం. ఇటువైపు డిఫెన్స్ కౌన్సెల్‌కు రెండేళ్ల కాంట్రాక్టు, ఆపైన ఏడాదికోసారి పొడిగింపు. ఒకే హాల్లో, ఒకే జడ్జి ముందు, ఒకే మనిషి భవిష్యత్తు మీద పోరాడే ఇద్దరిలో ఒకరికి పింఛను ఉంటుంది, ఇంకొకరికి కాంట్రాక్టు గడువు దాటితే భరోసా లేదు. ఈ తేడా పోవాలి. డిఫెన్స్ కౌన్సెల్‌కు కూడా పరీక్ష, స్కేలు, ప్రమోషను ఉన్న కేడరు కావాలి. ఒక షరతు మాత్రం ఉండాలి. ఆ ఎంపిక పోలీసుల చేతిలోనో ప్రాసిక్యూషన్ చేతిలోనో పెట్టకూడదు.

డబ్బు లేక వకీలు దొరకకపోవడం ఒకటి. జనం కోపానికి జడిసి దొరకకపోవడం ఇంకొకటి. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక పశువైద్యురాలి మీద జరిగిన ఘోరానికి దేశం అట్టుడికింది. ఆ నలుగురు నిందితుల తరఫున నిలబడబోమని స్థానిక వకీళ్లు ప్రకటించారు. ఆ కోపం అర్థం కానిదేమీ కాదు. డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. విచారణ మొదలవనే లేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని 2022లో బయటికొచ్చిన నివేదికలో చెప్పింది. ఆ కాల్పులు జరిగేనాటికి కన్నబిరాన్ కన్నుమూసి దాదాపు తొమ్మిదేళ్లయింది. ముద్దాయికి వకీలు వద్దన్న తీర్మానాలు చెల్లవని, అవి వృత్తి ధర్మానికి విరుద్ధమని 2010లోనే మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బార్ కౌన్సిల్ నియమాల్లోనూ తాను ప్రాక్టీసు చేసే కోర్టులో తన స్థాయికి తగ్గ ఫీజు ఇచ్చే ఏ కేసునైనా న్యాయవాది తీసుకోవాలని ఉంది. ప్రత్యేక కారణం ఉంటే తప్ప.

ఎవరూ లేనివాడు ఎప్పుడూ ముద్దాయే కానక్కర్లేదు. కారంచేడులో దళితుల హత్యాకాండ జరిగిన 1985లో బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలబడ్డారు. 1991 ఆగస్టులో చుండూరులో దళితులను ఊచకోత కోశారు. సాక్షులు కోర్టుకు రావడానికి భయపడే పరిస్థితిలో, ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టాలని బాధితులు పోరాడి సాధించుకున్నారు. ఊరు కోర్టుకు వెళ్లలేనప్పుడు కోర్టే ఊరికి వచ్చింది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ కేసు నడిపినవాళ్లు ఎన్ని వందల సార్లు చుండూరు దారిన వెళ్లి ఉంటారో తలుచుకుంటే, గెలుపు ఓటముల లెక్కతో ఈ వృత్తిని కొలవడం ఎంత కష్టమో తెలుస్తుంది.

బాలగోపాల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన మనిషి. హక్కుల ఉద్యమంలో ఏళ్లు గడిపాక, నడివయసులో నల్లకోటు వేసుకున్నారు. 2009లో చనిపోయేదాకా హైకోర్టులో బీదవాళ్ల భూమి కేసులు, కస్టడీ మరణాల కేసులు వాదించారు. ఇరవై మూడేళ్లకే ప్రవేశించకపోతే వృత్తిలో వెనకబడిపోతామని భయపడే పిల్లలకు ఆయన జీవితం ఒక ధైర్యం.

చివరగా, మొదటి రోజు పని. అసిస్టెంట్ డిఫెన్స్ కౌన్సెల్‌గా చేరిన అమ్మాయికి మొదటి కేసు చాలాసార్లు రిమాండుదే. రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో, మేజిస్ట్రేటు గారింటి వరండాలో, బేడీల గుర్తులున్న చేతులతో ఒక మనిషి నిలబడి ఉంటాడు. చేతిలో పది నిమిషాలుంటాయి. కానిస్టేబుళ్లను నాలుగడుగులు అవతలికి జరగమనాలి. ఎప్పుడు పట్టుకున్నారని అడగాలి, రిమాండు రిపోర్టులో రాసిన టైముతో సరిపోతుందో చూడాలి. పొద్దున్నే పట్టుకుని సాయంత్రం అని రాస్తే 24 గంటల లెక్క మారుతుంది. కొట్టారా అని అడగాలి. చొక్కా ఎత్తి చూపమనాలి. దెబ్బలుంటే రికార్డు చెయ్యమని, డాక్టరు దగ్గరికి పంపమని మేజిస్ట్రేటును కోరాలి. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరమైతే అరెస్టుకు కారణాలు రాశారా, ముందు నోటీసు ఇచ్చారా అని చూడాలి. వకాలత్ మీద వేలిముద్ర వేయించుకునే ముందు అందులో ఏముందో తెలుగులో చదివి వినిపించాలి.

ఆపైన ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు అడగాలి. ఫోను పోలీసులు తీసేసుకుంటే నంబర్లు ఎవరికీ గుర్తుండవు. ఒక్క నంబరు మాత్రం గుర్తుంటుంది, అమ్మదో భార్యదో. అది రాసుకుని, గేటు దాటగానే ఫోన్ చెయ్యాలి. అవతల ఎత్తినవాళ్లు పొద్దుట్నుంచి స్టేషన్ల చుట్టూ తిరిగి వచ్చి ఉంటారు. మనిషి క్షేమంగా ఉన్నాడని, ఇప్పుడే కళ్లారా చూశానని ముందు చెప్పాలి. ఫలానా జైలుకు తీసుకెళుతున్నారు, ములాఖత్‌కు వచ్చేటప్పుడు ఆధార్ కార్డు, రెండు జతల బట్టలు, ఏవైనా మందులు వాడుతుంటే ఆ చీటీ తెచ్చుకోండి, బెయిలు దరఖాస్తు పొద్దున్నే వేస్తున్నాను అని చెప్పి, తన పేరూ నంబరూ రెండుసార్లు నిదానంగా చెప్పి రాసుకోమనాలి.